హవల్దారు ఒప్పుకున్న మాట

జిల్లా కచేరీ ముందు మైదానంలో తోటి మాజీ సైనికులతో కలిసి బైఠాయించినా, హవల్దారు చెంగల్రాయుడికి తుపాకీ పట్టనివాళ్ళంటే చులకనగానే ఉండేది.

బర్మా అడవులకు వెళ్ళినవాళ్ళందరికీ యుద్ధం ముగియగానే బహుమానపు సొమ్ము ఇస్తామని సర్కారు మాట ఇచ్చింది. యుద్ధం ముగిసింది. ఇంతలో వానలు లేక జిల్లా అంతా కరువు పడింది. ఖజానా ఖాళీ అంటూ సర్కారు చేతులెత్తేసింది. దాంతో వాళ్ళంతా వచ్చి మైదానంలో కూర్చున్నారు. తుపాకులు కాల్చినవాళ్ళూ, మస్తాన్ లాగా కంచరగాడిదల మీద తూటాల పెట్టెలు చేరవేసినవాళ్ళూ, యేసోబు లాగా సైన్యానికి వండిపెట్టినవాళ్ళూ అందరూ ఉన్నారు. పగలంతా ఎండ. కడుపులోకి యేసోబు కాచిన పల్చటి అంబలి. అంతమందిని చూసి కలెక్టరు దొర రోజూ వరండాలోకి వచ్చి, "చూస్తున్నాం, చూస్తున్నాం" అని చెప్పి వెళ్ళేవాడు.

చెంగల్రాయుడు బాగా అలిసిపోయాడు. కాళ్ళు వాచాయి. ఇంటి దగ్గర పిల్లలు ఏం తింటున్నారో తెలియదు. అలాంటి సమయంలో కచేరీలో గుమాస్తాలకు పెద్ద అయిన శిరస్తాదారు అతన్ని లోపలికి పిలిచాడు.

"హవల్దారు గారూ, ఉన్న సొమ్ము అందరికీ చాలదు. తుపాకీ పట్టినవాళ్ళకైతే దొరగారికి చెప్పి ఇప్పించగలను. గాడిదలు తోలినవాళ్ళూ, వంటవాళ్ళూ సిపాయిలేమిటండీ?" అన్నాడు.

అది చెంగల్రాయుడి మనసులో ఉన్న మాటే. "నిజమేనండీ" అన్నాడు.

బయటికి వచ్చి సంగతి చెప్పాడు.

"మేం మోసుకొచ్చిన తూటాలే కదా హవల్దారు గారూ, మీరు కాల్చింది?" అన్నాడు మస్తాన్.

"మోయడం వేరు, పోరాడటం వేరు" అన్నాడు చెంగల్రాయుడు.

మస్తాన్ తన మూట భుజాన వేసుకుని లేచాడు. వాదించే ఓపిక ఎవరికీ లేదు. యేసోబు అంబలి కుండ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మైదానం సగం ఖాళీ అయింది.

వారం తిరిగేసరికి శిరస్తాదారు మళ్ళీ పిలిచి, గాయపడ్డవాళ్ళకే ఇమ్మంటున్నారని చెప్పాడు. చెంగల్రాయుడి భుజానికి తూటా గాయం ఉంది. దానికీ తలూపాడు. గాయాలు లేనివాళ్ళు అతన్ని తిట్టుకుంటూ ఊళ్ళకు పోయారు. ఆ తర్వాత, కాలో చెయ్యో పోయినవాళ్ళకే అన్నారు.

"ఇదేం న్యాయమండీ? నేను యుద్ధం చేయలేదా?" అన్నాడు చెంగల్రాయుడు.

"అందరికీ ఇవ్వక్కర్లేదని మొదట ఒప్పుకున్నది మీరే కదండీ!" అన్నాడు శిరస్తాదారు.

కాళ్ళూ చేతులూ పోయిన ఆ కొద్దిమందినీ, కబురు చేస్తామని చెప్పి బండెక్కించి పంపేశారు. మర్నాడు చెంగల్రాయుడు ఒక్కడే మెట్ల ముందు నిలబడ్డాడు. దొర వరండాలోకి రాలేదు. బంట్రోతు వచ్చి, "పోవయ్యా, పో" అని తరిమేశాడు.

చెంగల్రాయుడు నడుచుకుంటూ మస్తాన్ వాళ్ళ ఊరు వెళ్ళాడు. మస్తాన్ కరువు పనిలో, రోడ్డు పక్కన కంకర కొడుతున్నాడు.

"తప్పు చేశాను మస్తాన్. మీరంతా పోయాక నన్ను మనిషిగా కూడా చూడలేదు" అన్నాడు చెంగల్రాయుడు.

"మమ్మల్ని మీరూ అలాగే చూశారు కదండీ" అన్నాడు మస్తాన్. అతని గొంతులో కోపం కూడా లేదు. సుత్తి పక్కన పెట్టి, "పదండి, అందరినీ అడుగుదాం" అన్నాడు.

ఇద్దరూ ఊరూరూ తిరిగారు. మొహం మీదే తలుపు వేసినవాళ్ళూ ఉన్నారు. చివరికి మైదానం మళ్ళీ నిండింది. ఈసారి శిరస్తాదారు ఎవరిని పిలిచినా, ఎవరూ ఒంటరిగా లోపలికి వెళ్ళలేదు.

మరుసటి ఏడు, వానలు పడ్డాక, సొమ్ము అందరికీ అందింది. యేసోబు పేరు పిలిచినప్పుడు అతని భార్య వచ్చి వేలిముద్ర వేసింది. యేసోబు ఆ కరువులోనే పోయాడు. చెంగల్రాయుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

నీతి: పక్కవాడికి రావలసినది రాకపోయినా ఫర్వాలేదనుకునేవాడు, తనకు రావలసినదాన్ని కూడా చేజేతులా పోగొట్టుకుంటాడు.