సమాన కాటుకు సమాన సూది

సత్తెమ్మ నాటుకోళ్ల ఫారంలో ఆ వారమంతా కోళ్లకంటే నక్కే ఎక్కువ కూసింది. పొద్దస్తమానం కంచె అవతల తుమ్మపొదలో నిలబడి, ఇవతలున్న కాపలాకుక్క చుక్కికి హక్కులు బోధించింది. పాపం, లోకకల్యాణం కోసం తిండి మానేసిన జీవి మరి!

“చెల్లెమ్మా, సత్తెమ్మకి టీకాలు ఎప్పుడేశారు?”

“చిన్నప్పుడంట అన్నా. భుజం మీద మచ్చ కూడా ఉంది.”

“చూశావా! ఆమెకి చిన్నప్పుడు వేసి వదిలేశారు. నీకేమో ఏటేటా! పైగా పిచ్చికుక్క సూది మనుషులు కరిపించుకున్నాక వేయించుకుంటారు. నీకు మాత్రం ఏదీ కరవకముందే! నేరం చేయకముందే శిక్షా? సమాన కాటుకు సమాన సూది!”

చుక్కికి ఒళ్లు పులకరించింది. సగం అర్థం కాలేదు కాబట్టి మిగతా సగం మరీ నచ్చింది. ఆ పూటే నినాదం కంఠతా పట్టేసింది.

పక్కూళ్లో పిచ్చికుక్క తిరుగుతోందని పశువుల డాక్టరు మర్నాడు బడి ఆవరణలో టీకాల శిబిరం పెడుతున్నాడు. “సూది లేని కుక్క నా ఫారంలో ఉండటానికి వీల్లేదు” అని సత్తెమ్మ తేల్చి చెప్పింది. ఆ మాట చుక్కి కంటే నక్కే బాగా గుర్తుపెట్టుకుంది. చుక్కిని తరిమేశాక కోళ్ల గూటికి తలుపుంటే ఎంత, లేకుంటే ఎంత!

కొట్టంలో నెమరేస్తున్న ముసలి ఎద్దు వినీ వినీ విసిగిపోయింది.

“ఏమే చుక్కీ, కుక్క కరిస్తే మనిషి ఏం చేస్తాడు?”

“ఆస్పత్రికి పరిగెత్తుతాడు మావా.”

“నిన్ను ఏ పొదల్లోనో ఏదో కరిస్తే ఎవరికి చెబుతావ్? ఏ భాషలో చెబుతావ్? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వాళ్లకి చేతులున్నాయి. నీకున్నవి నాలుగూ కాళ్లేనే పిచ్చిదానా! గాలికుంటు జబ్బు రాకుండా నాకూ ఏటా పొడుస్తారు. నేనెప్పుడైనా ఊరేగింపు తీశానా?”

“నువ్వు బానిసవి మావా.”

“అవునమ్మా. నాలుక మీద పుండు లేకుండా గడ్డి మేస్తున్న బానిసని.”

తెల్లారింది. మురికి కుక్కతో డాక్టరు దగ్గరికెళ్తే పరువు పోదూ! సత్తెమ్మ కుంకుడుకాయలు చితక్కొట్టి చుక్కికి తలంటు మొదలెట్టింది. చుక్కి గింజుకుంది, నురగని కొరికింది, పట్టు తప్పించుకుని కంచె కింద దూరి తుమ్మపొదలో పడింది. నోటి నిండా తెల్లటి నురగ. రసం పడిన కళ్లు చింతనిప్పులు.

“అన్నా, తప్పించుకొచ్చేశా! సమాన కాటుకు...”

నక్క ఆ మూతి చూసి వెనక్కి గెంతింది. “దగ్గరికి రాకు! పిచ్చెక్కింది నీకు! ఆ పక్కూరి కుక్క కరిచిందా? సూది వేయించుకుని ఏడవొచ్చుగా, దరిద్రపు మొహమా!”

చుక్కి ఆగిపోయింది. నిన్నటి దాకా చెల్లెమ్మ, ఇవాళ దరిద్రపు మొహం. అదైనా ఓర్చుకునేదే. కానీ ‘సూది వేయించుకుని ఏడవొచ్చుగా’ అన్న మాట కుంకుడు రసం కంటే ఎక్కువ మండింది. అంటే సూది ఎందుకో ఈ మహానుభావుడికి మొదట్నించీ తెలుసన్నమాట!

చుక్కి మూతి తుడుచుకోలేదు. పళ్లు బయటపెట్టింది.

“భయపడకన్నా. ముందు కరుస్తా. తరవాత వేయించుకుందువు గాని, మనుషుల్లాగే!”

వెనక చుక్కి తరుముతుంటే నక్క పరుగు లంకించుకుంది. పొదలు దాటింది, పంటకాలవ దూకింది, బడి గేటులోంచి దూరి, వరసలో ఉన్న కుక్కలన్నిటినీ తోసుకుంటూ డాక్టరు బల్లెక్కేసింది.

“బాబ్బాబు, ముందు నాకు! అది కరవకముందే వెయ్యండి! రెండేసినా సరే!”

డాక్టరుకి ఊళ ఒక్కటే వినిపించింది. అయినా పిలవకుండా బల్లెక్కిన జీవిని ఆయన నిరాశపరచలేదు. సూది పొడిచి, బోనులోకి నెట్టి, అటవీ శాఖ వాళ్లకి కబురంపాడు.

సత్తెమ్మ తడి చేతులతోనే రొప్పుతూ వచ్చి, తిట్టుకుంటూ చుక్కి మూతి కొంగుతో తుడిచింది. బోనులోంచి గొంతు లేచింది.

“చెల్లెమ్మా! ఇది అక్రమ నిర్బంధం! గొంతెత్తు! నినాదమివ్వు!”

“ఇస్తానన్నా, ఎందుకివ్వను?” అంది చుక్కి, వరసలో ఒకడుగు ముందుకేస్తూ. “సూది వేయించుకుని వచ్చి ఇస్తా.”

నీతి: స్వేచ్ఛ పేరు చెప్పి నీకు సూది వద్దన్నవాడు, తన ప్రాణం మీదికొస్తే వరసలో ఎక్కడ నిలబడతాడో చూశాకే అతని జెండా పట్టు.