పద్నాలుగు కిలోమీటర్ల దావ

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు దస్తగిరి మేస్త్రి చెప్పులు విప్పి, పార్వతమ్మ పికప్ బండిలో ఎడమ సీట్లో కూర్చున్నాడు. అనంతపురంలో ఆయన షెడ్డుకు వచ్చేవాళ్లు అది భక్తి అనుకుంటారు. బండిలో వణుకు సంగతి చెవి కన్నా అరికాలు బాగా చెబుతుందని ఆయన నమ్మకం.

శిష్యుడు కుళ్లాయప్ప ఇంకా కిందే నిలబడి ఉన్నాడు. వయసు ముప్పై ఎనిమిది. అందులో పంతొమ్మిదేళ్లు ఈ షెడ్డులోనే గడిచాయి.

"పాత క్రాస్ తీసి కొత్తది వేసినా. ఠంగుమనే చప్పుడు పోయింది. చక్రాలు చూసినా, కమాన్లు చూసినా. ఇంక బండిలో చూడాల్సింది ఏముంది మేస్త్రీ?"

"తిరిగొద్దాం పా. నువ్వే తోలు," అన్నాడు మేస్త్రి.

పార్వతమ్మ కోడిగుడ్ల వ్యాపారి. గేరు వేసి కదిలించినప్పుడల్లా కింద ఠంగుమంటోందని పది రోజుల కిందట బండిని తెచ్చింది. అప్పుడు మేస్త్రి ఊళ్లో లేడు. ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడవాటి షాఫ్టును కుళ్లాయప్ప ఊడదీసి, దాని చివర అరిగిపోయిన క్రాస్ అనే కీలు మార్చి, మళ్లీ బిగించాడు. చప్పుడు పోయింది, వణుకు మొదలైంది. అరవై దాటితే ట్రేల్లో గుడ్లు పగులుతున్నాయి. ముందురోజు సాయంత్రం ఆమె బండిని షెడ్డులో వదిలి సూటిగా అడిగింది.

"బండి బాగుంటే మా డ్రైవరు నాగేంద్ర తోలేదే బాగలేదని గదా? ఆ మాట చెప్పండి, వాణ్ని మాన్పించి ఇంకొకణ్ని పెట్టుకుంటా."

"బండి బాగానే ఉండాదక్కా," అన్నాడు కుళ్లాయప్ప.

అప్పుడే బస్సు దిగి వచ్చిన మేస్త్రి చేతిసంచి కూడా దించకుండా, "పొద్దున చెబుతాం తల్లీ," అని ఆపాడు.

ఆరేళ్లుగా ఆ బండి తోలుతున్న నాగేంద్ర ఇప్పుడు వెనక తొట్టిలో, ఒళ్లో గుడ్ల ట్రే పెట్టుకొని కూర్చున్నాడు. "ఇవి పగిలితే నా లెక్కలో వేయొద్దు మేస్త్రీ!" అని అరిచాడు.

"పగిలినవి నువ్వే తిందువులే," అన్నాడు మేస్త్రి.

బళ్లారి రోడ్డెక్కారు. యాభై దాకా బండి బుద్ధిగానే నడిచింది. అరవై రెండు దగ్గర కాళ్ల కింద రేకు వణకసాగింది.

"న్యూట్రల్ చెయ్."

ఇంజన్ హోరు తగ్గింది. వణుకు తగ్గలేదు. బండి వేగంతో పాటే మెల్లగా చచ్చింది. అంటే దోషం ఇంజన్‌ది కాదు, తోలేవాడి కాలిదీ కాదు. మేస్త్రి అదేమీ చెప్పలేదు. "ఇంకోసారి," అన్నాడు, మూడుసార్లు. ఏడో కిలోమీటరు దగ్గర బండి తిప్పమన్నాడు.

తిరుగు దారిలో కుళ్లాయప్ప ఒకచోట బండి ఆపి, తన చెప్పులు కూడా విప్పి పక్కన పెట్టాడు. మళ్లీ అరవై దాటించి, షెడ్డు దాకా తోలాడు.

పార్వతమ్మ స్టూలు మీద కూర్చొని ఉంది. కుళ్లాయప్ప ఒట్టి కాళ్లతోనే దిగి ఆమె దగ్గరికి నడిచాడు.

"అక్కా, నాగేంద్ర తోలేదాంట్లో ఏం లేదు. షాఫ్టు రెండు ముక్కలుగా ఊడదీసేటప్పుడు నేను గీటు కొట్టి గుర్తు పెట్టుకోలేదు. కలిపేటప్పుడు పళ్లు తప్పి కూర్చునింది. తప్పు నాది."

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "ఇన్ని దినాలు తిడతావుంటే నోరు లేదేంరా నీకు?"

నాగేంద్ర ట్రే చూపించాడు. "నాలుగు పోయినాయక్కా."

సరిచేయడానికి నలభై నిమిషాలు పట్టింది. షాఫ్టు మీద గ్రీజు తుడిస్తే, రెండు ముక్కల పైనా ఉలితో కొట్టిన పాత గీట్లు కనిపించాయి. ఏ షాఫ్టు ఊడదీసినా మేస్త్రి ముందు ఆ గీట్లు కొడతాడు. ఈ బండికి ఎన్నేళ్ల కిందట కొట్టాడో ఆయనకే గుర్తు లేదు. రెండు గీట్లనూ ఎదురెదురుగా కలిపి బిగించాక, అదే రోడ్డు మీద డెబ్భైలోనూ ఒక్క గుడ్డు పగల్లేదు.

నాలుగు రోజుల తర్వాత నాగేంద్ర కుళ్లాయప్పతో టీ తాగుతూ ఒక సంగతి చెప్పాడు. ఆ పొద్దున అతను ఆరున్నరకే షెడ్డుకు వచ్చాడు. అప్పటికే మేస్త్రి టార్చి లైటు పట్టుకొని బండి కింద పడుకొని, షాఫ్టు మీద గ్రీజు తుడిచి చూస్తున్నాడు. గీట్లు కలవలేదు. నాగేంద్రను చూసి, "నువ్వేం మాట్లాడాకు," అని, తుడిచినచోట మళ్లీ గ్రీజు పూసేశాడు.

కుళ్లాయప్ప టీ గ్లాసు అక్కడే పెట్టేసి నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్లాడు.

"ముందే తెలిసి, పద్నాలుగు కిలోమీటర్లు ఎందుకు తిప్పినావు మేస్త్రీ?"

మేస్త్రి పానా తుడుస్తూ తలెత్తలేదు.

"దావ ఇంకొంచెం తక్కువైంటే, తప్పు నాదని నువ్వే చెప్పేటోడివా కుళ్లాయీ?"