‘ఎక్కడికి’ అని అడిగిన పడవ

ఒక ఏటి రేవులో ఒక పడవవాడు ఉండేవాడు. పడవ పాతది, తెడ్డు మామూలుది. అయినా ఏరు దాటాలంటే జనం అతని పడవే ఎక్కేవాళ్లు. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదని అతనికి తెలుసు. "దూరమా?" అనేవాడు. ఎంత దూరం పోయేవాళ్లైనా "దగ్గరే" అనేవాళ్లు. అక్కడితో మాటలు అయిపోయేవి.

వారానికోసారి బుట్టలల్లే ఆమె పడవెక్కేది. అవతలి ఒడ్డున ఆమె చెల్లెలుంది. రెండిళ్లకీ మాటల్లేవు, అందుకే మొగుడికి తెలియకుండా పోయేది. బుట్ట అడుగున వేరుశనగ ఉండలు దాచుకుని, చెల్లెలితో చెప్పాల్సిన కబుర్లు దారంతా తనలో తనే గొణుక్కునేది. పడవవాడు విననట్టే తెడ్డు వేసేవాడు. ఆ ఒక్క పూట కోసమే ఆమె వారమంతా బతుకుతోందని అతనికి తెలుసు.

ఒకనాడు ఎగువ రేవు పడవలో మాట్లాడే గోరింక ఉందని విన్నాడు. ఇక తన పడవ ఎవరూ ఎక్కరేమోనని భయం పట్టుకుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు తనూ ఒక గోరింకను తెచ్చి, పంజరాన్ని వెదురుగెడకు వేలాడదీశాడు.

గోరింక తెలివైనదే. పడవలో కాలు పెట్టగానే "ఎక్కడికి?" అనేది. జవాబు చెప్పేలోపే "సంతకా? అల్లుడింటికా?" అనేది. దారి తెలిసినవాళ్లకే దారి చెప్పేది.

"ఇది మాకెందుకు నాయనా? తీసెయ్యి" అంది బుట్టలామె.

"వద్దనుకుంటే పంజరం మీద గుడ్డ కప్పెయ్యి అమ్మా, నీ ఇష్టం" అన్నాడు.

ఆమె కప్పింది. మరుసటి వారం వచ్చేసరికి గుడ్డ తీసి ఉంది. మళ్లీ కప్పింది. ఇష్టమన్నదీ అతనే, గుడ్డ తీసిందీ అతనే. గుడ్డ కళ్లకు అడ్డం గానీ చెవులకు కాదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఒక పొద్దున ఆమె మొగుడు పడవెక్కాడు.

"ఎక్కడికి? మీ ఆవిడ వెళ్లే చెల్లెలింటికేనా?" అంది గోరింక, సాయం చేద్దామనే.

 అతను ఏటి మధ్యలోనే పడవ వెనక్కి తిప్పించి ఇంటికి పోయాడు. ఆ వారం బుట్టలామె రాలేదు. ఆపై వారమూ రాలేదు. తమ గుట్టూ బయటపడుతుందని మిగతావాళ్లు దిగువన మోకాటిలోతు నీళ్లున్న చోట బట్టలు ఎగగట్టి నడిచి దాటడం మొదలుపెట్టారు.

పడవవాడు గోరింకను వదిలేశాడు. పంజరం విరిచి పొయ్యిలో పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అడగకుండా తెడ్డు వేయడమే తన గొప్పని ఇప్పుడు తెలిసి, ఖాళీ పడవలో కూర్చుని ఏడ్చాడు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం బుట్టలామె రేవుకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. వెదురుగెడ వైపు చూసింది. పంజరం లేదు. మెల్లగా ఒక కాలు పడవలో పెట్టింది.

అతని గుండె నిండిపోయింది. ఇన్నాళ్లుగా దాచుకున్న పాత మాటే, "దూరమా?" అనే అనబోయాడు. గోరింకతో అన్నాళ్లు కాపురం చేసిన నోరు కదా.

"ఎక్కడికమ్మా?" అన్నాడు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"దూరమే, నాయనా" అంది. బుట్ట నెత్తిన పెట్టుకుని, చీర ఎగదోపుకుని, దిగువకు నడిచింది.