గైరమ్మ తొక్కిన మట్టి

ఊ కొట్టేవాళ్ళు ముందుకు రండి, కొట్టనివాళ్ళు పోయి పడుకోండి. గోడలకి కథ చెప్పే ఓపిక నాకు లేదు.

అనగనగా ఇటుకబట్టీలు లేని రోజులు. సిమెంటన్న మాట ఎవరి నోటా పలకని రోజులు. అటు కొండ, ఇటు సముద్రం, మధ్యలో తాటితోపులు. ఆ తోపుల పక్కన ఒక ఊరు. ఊరి పేరు మాత్రం నన్నడక్కండి. ఫలానా ఊరని చెప్పాననుకో, పక్క ఊరివాళ్ళు "కాదు, గైరమ్మ మా మనిషి" అంటూ పోట్లాటకొస్తారు. నాకెందుకొచ్చిన గొడవ!

ఆ ఊళ్ళో అన్నీ చుట్టిళ్ళే. గోడ గుండ్రంగా లేస్తుంది, దాని మీద తాటాకు కప్పు చుట్టూ కిందికి దిగుతుంది. మన్ను ఊరి మన్నే, తాడి ఊరి తాడే, గడ్డి ఊరి గడ్డే. బయట మాడు పగిలే ఎండ కాస్తున్నా లోపల చల్లగా ఉండేది. మీరిప్పుడు ఫ్యాను కింద కూర్చుని కూడా ఉస్సురుస్సురంటారు. పోనీలే, ఆ సంగతి నేనెత్తను.

ఆ ఊళ్ళో గైరమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు, జానెడు పొలం లేదు. ఉన్నవల్లా రెండు కాళ్ళు. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా గోడ మట్టి ఆ కాళ్ళే తొక్కాలి. మట్టి నానబెట్టాలి, గడ్డి ముక్కలు చల్లాలి, తొక్కాలి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గడ్డి, మళ్ళీ తొక్కుడు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు వాలేదాకా అదే పని.

ఆ పనికి ఒక మామూలు ఉండేది. గోడ పూర్తయ్యాక మిగిలిన ఆఖరి ముద్ద తొక్కినవాళ్ళది. మిగతావాళ్ళు ఆ ముద్దనేం చేసుకుంటాం అని వదిలేసేవారు. గైరమ్మ వదిలేది కాదు. చెంగులో మూటగట్టుకుని పోయేది. తోపు అవతల ఎవరిదీ కాని దిబ్బ ఒకటుంటే, దాని మీద ముద్ద పక్కన ముద్ద, ముద్ద మీద ముద్ద పెట్టుకుంటూ వచ్చింది. వయసులో మొదలుపెట్టింది, జుట్టు నెరిసేసరికి ఇల్లయింది. వంగితే గానీ దూరలేని ఇల్లు. అయినా ఆమెకి ఎంత మురిపెమో! "ఇది కరణంగారింటి ముద్ద. ఇది కల్లుగీసే సన్నాసి ఇంటిది. ఇది మంత్రసాని పైడమ్మ ఇంటిది" అని గోడ తడుముతూ చెప్పేది. ఊరంతా ఆ గోడలో ఉంది.

ఇంకో మామూలు కూడా ఉండేది. మట్టి తొక్కినవాళ్ళు ఆ ఇంట్లో అడుగుపెట్టకూడదు. వాళ్ళ కాళ్ళకి మట్టి ఉంటుందట! గృహప్రవేశం నాడు చూరు కింద కూర్చుని ఇంత తినేసి పోవాలి. ఎవడు పెట్టాడో ఆ పద్ధతి, వాడి నోట్లో మన్ను పడ!

ఊ కొట్టండర్రా.

ఆ ఊళ్ళోనే కూర్మయ్య, దాలమ్మ అని ఆలుమగలు. వాళ్ళది తడికెల పాక. వానొస్తే లోపలా వానే. ఒక వానాకాలం వాళ్ళ పెద్దపిల్లకి చలిజ్వరం తగిలింది, పోయింది. మరో వానాకాలం రెండోవాడు పోయాడు. ఇప్పుడు మళ్ళీ దాలమ్మ కడుపుతో ఉంది. ఆమె మొగుడితో ఒకటే మాటంది.

"ఈ గుంటనైనా తడవని ఇంట్లో కంటాను. నాకు నగలొద్దు, కోకలొద్దు. తడవని ఇల్లొక్కటి కట్టు."

కూర్మయ్య తిన్నగా గైరమ్మ దగ్గరికెళ్ళాడు. "అత్తా, మట్టి తొక్కాలి. వానలు పడేలోపు ఇల్లవ్వాలి" అన్నాడు.

"దానికేటి భాగ్యం, పద" అని గైరమ్మ కొంగు బిగించింది.

మన్ను తవ్వే చోట మొదటి పార దిగకముందు గైరమ్మ నేలకి దణ్ణం పెట్టింది. "అడిగి తీసుకుంటన్నాం తల్లీ, ఉంచుకోం, తిరిగి ఇచ్చేస్తాం" అంది. తాడిచెట్టు కొట్టబోతే దాని మొదట్లో చెయ్యి వేసి, "అడిగి తీసుకుంటన్నాం తల్లీ, ఉంచుకోం, తిరిగి ఇచ్చేస్తాం" అంది. వాగొడ్డున రెల్లుగడ్డి కోయబోతే అక్కడా అదే మాట.

కూర్మయ్య నవ్వాడు. "గడ్డిని కూడా అడగాలేటత్తా?"

"నీ తలమీద జుట్టు నేను పీకితే నన్నడగవేటి? అడుగు, నోరేటీ అరిగిపోదు" అంది గైరమ్మ.

తవ్విన గోతిలో వాననీళ్ళు నిలిస్తే గొడ్లు తాగుతాయని దాని ఒడ్డు వాలుగా చెక్కించింది. కొట్టిన తాడికి బదులు మూడు తాటిటెంకలు పాతింది. గడ్డి ఎలాగూ దానంతటదే మొలుస్తుంది.

గోడ లేవడం మొదలైంది. మొదటి వరస పెట్టారు, ఎండనిచ్చారు. రెండో వరస పెట్టారు, ఎండనిచ్చారు. మూడో వరస మోకాలు దాటి నడుం దాకా వచ్చింది. ఆరేలోపు వాన పడుతుందేమోనని గోడ మీద తాటాకులు కప్పి ఉంచేవారు. దాలమ్మ రోజూ పొట్ట పట్టుకుని వచ్చి ఆ గోడ పక్కన నిలబడి, "ఇక్కడ ఉయ్యాల కడతాను" అని మురిసిపోయేది.

అంతలో ఏమైంది? కాలం కాని కాలంలో, మిట్టమధ్యాహ్నం, వాన! అది వాన కాదు, ఆకాశానికి చిల్లు పడినట్టే. కూర్మయ్య గోడ దగ్గరికి పరిగెత్తాడు. తాటాకులు గాలికి లేచిపోతుంటే పట్టుకుని నిలబడ్డాడు. ఇంతలో పాకలోంచి దాలమ్మ కేక వినిపించింది. పాక కప్పు సగం ఎగిరిపోయింది. ఆమె మూల కూర్చుని, పొట్ట మీద చేతులు అడ్డం పెట్టుకుని వణికిపోతోంది.

ఊళ్ళో ఎవడైనా గోడనే కాపాడుకునేవాడు. గోడంటే ఎండాకాలమంతా పడ్డ కష్టం కదా! కూర్మయ్య ఒక్క క్షణం గోడ వంక చూశాడు, పాక వంక చూశాడు. గోడ మీది ఆకులన్నీ లాగేసి, తీసుకుపోయి పెళ్ళాం మీద కప్పేశాడు.

వాన వెలిసేసరికి గోడ లేదు. మన్నంతా కారి ఇసకలో కలిసిపోయింది. మన్ను తవ్వే గొయ్యి నిండుగా నీళ్ళు. ఇంక తవ్వడానికి మన్ను లేదు, నానబెట్టి మాగబెట్టడానికి రోజుల్లేవు. కూర్మయ్య ఆ బురదలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అత్తా, నా చేతుల్తో నేనే గోడ పడగొట్టుకున్నాను."

గైరమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. "మంచి పని చేశావురా. గోడదేటి, మళ్ళీ పెట్టొచ్చు. లే, ఏడవకు. రేపు పొద్దున్న మట్టి నేను తెస్తాను."

మర్నాడు పొద్దున్నే గైరమ్మ నెత్తిన బుట్టతో వచ్చింది. బుట్ట నిండా మన్ను. కొత్తమన్ను కాదు, బాగా మాగిన పాతమన్ను, పెళ్ళలు పెళ్ళలుగా ఉంది. నీళ్ళు చల్లి తొక్కితే వెన్నలా కలిసిపోయింది.

"ఎక్కడిదత్తా ఇంత మంచి మన్ను?" అన్నాడు కూర్మయ్య.

"అడిగి తెచ్చాన్రా. ఒక ముసలిది ఇచ్చింది. దానికక్కర్లేదంట."

ఆమె పోయి బుట్ట తేవడం, తొక్కడం, మళ్ళీ పోవడం. అలా మొదటి వరస లేచింది. రెండో వరసకి కూర్మయ్య మళ్ళీ అడిగాడు. "ఎక్కడిదత్తా?"

"అడిగి తెచ్చాన్రా. ఒక ముసలిది ఇచ్చింది. దానికక్కర్లేదంట."

మూడో వరసకి దాలమ్మే అడిగింది. "ఎవరత్తా ఆ ముసలిది? దండం పెట్టి వస్తాను."

"పెడుదువులే, తొందరేటి. ముందు నీ ఇల్లవనీ" అంది గైరమ్మ. దాలమ్మకి అనుమానం రాలేదు. తోపు అవతలికి వెళ్ళే పని ఊళ్ళో ఎవరికీ లేదు మరి.

మిగిలిన వరసలూ లేచాయి, గోడ పూర్తయింది. ఎండ కూడా దయ చూపించింది. దూలాలెక్కాయి, తాటాకు కప్పు పడింది, నేల పేడతో అలికారు, గడపకి పసుపు పూశారు. ఊరంతా గృహప్రవేశానికి వచ్చింది. రానిదెవరు? గైరమ్మ.

"మట్టి తొక్కిన మనిషి తినకుండా నేను పాలు పొంగించను" అంది దాలమ్మ. ఇవాళో రేపో అన్నట్టున్న మనిషి, వద్దు వద్దంటున్నా వినకుండా తనే పిలవడానికి తోపులోంచి నడుచుకుంటూ దిబ్బ దగ్గరికి పోయింది.

దిబ్బ మీద ఇల్లు లేదు.

నేల మీద గుండ్రంగా ఒక గీత ఉంది. మధ్యలో పొయ్యిరాళ్ళు, ఒక కుండ. గోడల్లేని తాటాకు కప్పు బోర్లించిన బుట్టలా నేల మీద ఉంది. దాని నీడలో గైరమ్మ కూర్చుని, కాళ్ళు చాపుకుని, పిక్కలు నొక్కుకుంటోంది.

దాలమ్మకి అర్థమైంది.

"అత్తా! ముసలిదెవరో ఇచ్చిందన్నావు!"

"ఇచ్చిందిగా."

"దానికక్కర్లేదన్నావు!"

"అక్కర్లేదే."

దాలమ్మ గొల్లుమంది. ఏడుస్తూనే తిట్టింది. "నీకేమైనా పిచ్చా! వయసంతా పెట్టి కట్టుకున్నావు. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ఈ వానాకాలం ఎక్కడ తలదాచుకుంటావు? సచ్చిపోదామనేటి?"

గైరమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. చెంగుతో ఆమె కళ్ళు తుడిచింది. తర్వాత అంది.

"దాలీ, నీ పెద్దపిల్లని మన్నులో పెట్టినప్పుడు, పైన మట్టి తొక్కి గట్టి చెయ్యమని నన్నే పిలిచారు. నక్కలు తవ్వకుండా తొక్కాలి కదా, తొక్కాను. నీ పిల్లాడికీ ఈ కాళ్ళే తొక్కాయి. ఇంటిమట్టి ఎంత తొక్కినా నా కాళ్ళు నొయ్యవు. ఆ మట్టి ఇంకా నొప్పి పెడతంది. ఇంకోసారి నా కాళ్ళకి ఆ పని పెట్టకే తల్లీ."

ఇద్దరూ కావలించుకుని ఏడ్చారు. ఏడవరా మరి? ఉండండి, ఆ నీళ్ళచెంబిలా ఇవ్వండి.

దాలమ్మ గైరమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చూరు దాకా వచ్చి గైరమ్మ ఆగిపోయింది.

"నేనిక్కడ కూర్చుంటాలే. నా కాళ్ళ నిండా మట్టి."

"ఇల్లంతా మట్టే కదత్తా! నీ కాళ్ళకున్నదీ ఈ గోడలో ఉన్నదీ ఒక్కటే. రా."

ఎవరో నీళ్ళచెంబు తెచ్చారు, కాళ్ళు కడగమని. దాలమ్మ ఆ చెంబు లాక్కుని నీళ్ళు పారబోసింది. "కడగొద్దు. అలాగే రా" అంది. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. కొందరు గొణిగారు. దాలమ్మ ఎవరినీ పట్టించుకోలేదు. ఇంటివాళ్ళకంటే ముందు, అందరికంటే ముందు, గైరమ్మ గడప దాటింది. అలికిన నేల మీద ఆమె మట్టి అడుగులు పడ్డాయి. ఆ అడుగుల్ని ఆ రోజు ఎవరూ తుడవలేదు.

వానాకాలం వచ్చింది. హోరున వాన కురుస్తుంటే లోపల పొడినేల మీద దాలమ్మ ఆడపిల్లని కన్నది. మంత్రసాని పైడమ్మ పిల్లని మొట్టమొదట గైరమ్మ ఒళ్ళో పెట్టింది. గైరమ్మ పిల్లని చూసుకుంది, కప్పుకేసి చూసింది, ఎక్కడా చుక్క కారలేదు. "బతికిపోయావే గుంటా" అని పకపకా నవ్వింది. ఆ పిల్ల బతికింది. గైరమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. "ఇది కరణంగారిది, ఇది సన్నాసిది" అని పిల్లకి గోడ చూపిస్తూ అన్నం తినిపించేది.

కొన్నేళ్ళకి, ఆ పిల్ల బాగా పరుగులు తీసే వయసులో, గైరమ్మ ఒక పొద్దున్న గోడకి చేరగిలబడి ఎండ కాగుతూ అలాగే కన్ను మూసింది. ఊరంతా కదిలింది. పాత ఇల్లున్న దిబ్బ మీదే ఆమెని మన్నులో పెట్టారు. పైన మట్టి ఎవరు తొక్కాలి? ఎప్పుడూ తొక్కేది ఆమే కదా! అప్పుడు ఊరు ఊరంతా తొక్కింది. కరణంగారు కూడా చెప్పులు విడిచి తొక్కారు.

ఇంటికొచ్చాక అందరూ స్నానాలకి పోతుంటే, ఆ పిల్ల మాత్రం మట్టికాళ్ళతో తుర్రున ఇంట్లోకి పరిగెత్తింది. దాలమ్మ కొట్టబోయి చెయ్యెత్తింది. నేల మీద ఆ చిన్న అడుగులు చూసింది. ఎత్తిన చెయ్యి అలాగే నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ మరుసటి ఎండాకాలం ఊళ్ళో ఒకాయన ఇల్లు మొదలుపెట్టాడు. ఖాళీ బుట్ట పట్టుకుని దాలమ్మ దగ్గరికొచ్చాడు. "అమ్మా, మీ గోడమన్ను ఒక బుట్టెడు ఇస్తావా? పాలకి తోడేసుకున్నట్టు మా మట్టిలో కలుపుకుంటాను" అని అడిగాడు. దాలమ్మ గోడ ఒక పక్క తవ్వి ఇచ్చింది. ఆ చోటు కొత్తమట్టితో పూడ్చుకుంది. ఆ ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఆ ఇంటి నుంచి మరో ఇంటికి, అలా గైరమ్మ తొక్కిన మట్టి ఊళ్ళు దాటిపోయింది.

అందుకే మన వైపు ఇప్పటికీ ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఇంకొకరింటి నుంచి ఒక బుట్ట మన్ను అడిగి తెచ్చుకుంటారు. ఇటుకతో కట్టేవాళ్ళు కూడా పునాదిలో పిడికెడు వేస్తారు. తవ్వేముందు "అడిగి తీసుకుంటన్నాం తల్లీ" అంటారు.

మీ చినమామ పట్నంలో చదువుకుని వచ్చి మట్టిల్లు కట్టుకుంటున్నాడని మీరంతా కిసుక్కుమన్నారు కదూ? నాకు చెవులున్నాయర్రా. వాడు మన్నడగడానికి బుట్ట పట్టుకుని నా దగ్గరికొచ్చిన రోజు నాకెంత సంతోషమేసిందో మీకేం తెలుసు! పెరటిగోడ నా చేతుల్తో నేనే తవ్విచ్చాను.

రేపు వాడి గృహప్రవేశం. అక్కడ మీకెవరూ కాళ్ళకి నీళ్ళివ్వరు. మాకివ్వలేదేమని అలగకండి. మట్టికాళ్ళతోనే వెళ్ళాలి. తోసుకోకండి, పరిగెత్తకండి. గడప దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగండి.

ముందు గైరమ్మ వెళ్ళాలి.