ఏడో చినుకు

రండి పిల్లలూ, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు రండి, నా గొంతు అంత దూరం రాదు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు వెనక. ఆ, ఇప్పుడు బాగుంది. వాన కురిపించే స్వామికి మనసులోనే ఒక దండం పెట్టుకోండి. ఈ కథ ఆయన దయతోనే మొదలవుతుంది.

తంగేడుకోన అని ఒక అడవి ఉండేది. అందులో నెమళ్లు, కొండముచ్చులు, ముళ్లపందులు, కుందేళ్లు కాపురముండేవి. ఎర్రవాగు ఒడ్డున ఒక చుక్కల దుప్పుల మంద తిరిగేది. ఆ మందలో అందరికంటే పెద్దది ఒక ముసలి దుప్పి. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ జేజమ్మ అనే పిలిచేవారు.

ఒకసారి ఆ అడవిలో వరసగా రెండేళ్లు వాన పడలేదు. వాగు ఎండిపోయి ఇసుక మిగిలింది. గడ్డి మాడిపోయింది. దుప్పులు ఎండుటాకులు నమిలి బతికాయి.

ఆ రోజుల్లో పొగడ అనే దుప్పి కడుపుతో ఉంది. అదే దాని తొలి కాన్పు. ఒకనాడు అది ఎండిన వాగులో ముందు కాళ్లు మడిచి, తల పైకెత్తి దేవుణ్ణి వేడుకుంది.

"స్వామీ, ఒక్క వాన కురిపించు. గడ్డి మొలిస్తేనే నాకు పాలు పడతాయి. నా బిడ్డ బతికితే నీ వాన పేరే పెట్టుకుంటాను. చినుకు అని పిలుచుకుంటాను."

ఈ మొక్కు సంగతి పొగడ ఎవరికీ చెప్పలేదు. మొక్కులు అలాంటివే కదా, మనకీ ఆయనకీ మధ్య ఉంటాయి.

స్వామి విన్నాడు. ఆ ఏడాది వానలు పడ్డాయి. కోన అంతా పచ్చబడింది.

అయితే చిక్కేమిటంటే, పొగడ కంటే ముందే మందలో ఆరుగురు తల్లులు పిల్లల్ని కన్నారు. మొదటి తల్లి తన కూన వీపు మీది తెల్లని చుక్కలు చూసి, "వాన చినుకులు పడ్డట్టున్నాయే" అని ముచ్చటపడి చినుకు అని పేరు పెట్టింది. ఆ పేరు రెండో తల్లికి నచ్చింది. మూడో తల్లికి ఇంకా నచ్చింది. నచ్చదా మరి? ఎంత ముద్దుగా ఉందో చూడండి. మీరూ ఒకసారి పలకండి. చినుకు. అలా ఆరుగురు తల్లులూ తమ పిల్లలకి చినుకు అనే పేరు పెట్టారు.

అందరికంటే చివర పొగడ కన్నది. ఆడపిల్ల. పొగడ దాన్ని నాకి నాకి శుభ్రం చేసి, చుట్టూ చూసింది. ఎటు చూసినా చినుకులే ఉన్నాయి.

ఆ మందలో ఒక ఆచారం ఉంది. పిల్ల పుట్టిన ఇరవై ఒకటో రోజున తల్లి అందరి ముందూ నిలబడి, పిల్ల పేరును మూడుసార్లు గట్టిగా పిలవాలి. అంతవరకు పేరు లేనట్టే.

"ఏం పేరు అనుకుంటున్నావు పొగడా?" అని అడిగింది కుందన.

కుందన ఎవరో చెప్పలేదు కదూ. మందలో అందరికంటే నిగనిగలాడే దుప్పి అది. ఆ సంగతి దానికి బాగా తెలుసు. ఆ ఆరుగురు తల్లులే కాక, నెల క్రితం కుందనకీ ఒక ఆడపిల్ల పుట్టింది. దాని పేరు కాంచనబిందుమాలిక. అడవి మొత్తం మీద ఆ పేరు ఇంకెవరికీ లేదు. ఎవరైనా ముద్దుగా "కాంచనా" అన్నారో, కుందన ఊరుకునేది కాదు. "సగం పేరు పిలిస్తే సగం పిల్ల వస్తుందా? పిలిస్తే మొత్తం పిలవండి, లేకపోతే మానేయండి" అనేది. అందుకని అందరూ మానేశారు.

పొగడ మెల్లగా అంది. "చినుకు అని పెడదామనుకుంటున్నాను అక్కా."

కుందన పకపకా నవ్వింది. "ఇంకో చినుకా? ఇప్పటికే ఆరున్నాయి. ఇంకొకటి పడితే మందకి ముసురు పట్టినట్టే."

పొగడ వంగి పిల్ల చెవి నాకింది.

"ఆలోచించుకో పొగడా. పొట్టి చినుకు ఉంది, నత్తి చినుకు ఉంది, తిండిపోతు చినుకు ఉంది. పేరు ఒక్కటే అయ్యేసరికి ముందు ఏదో ఒకటి తగిలిస్తున్నారు. చివరికి ఆ తగిలించిందే నిలుస్తుంది. నీ పిల్లని ఏమంటారో మరి. కుంటి చినుకు అంటారా? ఏడుపు చినుకు అంటారా?"

నవ్వకండి పిల్లలూ. కుందన నోరు దురుసే కానీ, ఆ మాటలో కొంత నిజముంది. మీ తరగతిలో కూడా ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే మీరేం చేస్తారో నాకు తెలుసు.

ఆ రోజు నుంచి పొగడకి మనసు మనసులో లేదు. మొక్కేమో స్వామికి చెప్పుకున్నది. బిడ్డేమో తన ఒక్కగానొక్కది. వేరే పేర్లు వెతికింది. "కిన్నెరా" అని పిలిచి చూసింది. పిల్ల నిద్రపోతూనే ఉంది. "మందారా" అని పిలిచింది. పిల్ల చెవి మీది ఈగను విదిలించుకుంది, అంతే.

పదిహేనో రోజున పొగడ జేజమ్మ దగ్గరికి వెళ్లి, మొక్కుతో సహా అన్నీ చెప్పింది.

"పేరు నలుగురికీ ఉంటే పలచబడిపోదా జేజమ్మా?" అని అడిగింది.

"నీళ్లు పోస్తే పాలు పలచబడతాయి. పేరు ఎలా పలచబడుతుందే? స్వామి పేరు ఎన్ని నోళ్లలో నానుతోందో చూడు. ఏమైనా అరిగిందా?"

పొగడ ఒప్పుకోలేదు. "స్వామిని ఎవరు పిలిచినా, ఎక్కడి నుంచి పిలిచినా ఆయనకి తెలుస్తుంది. నా బిడ్డకి తెలియాలి కదా జేజమ్మా. నేను పిలిస్తే ఆరుగురు తిరిగి చూస్తారు. ఆరుగురు పిలిస్తే నా బిడ్డ ఎటు చూడాలి?"

జేజమ్మ నెమరు ఆపింది. "అది సరైన ప్రశ్నే తల్లీ. దానికి జవాబు నువ్వే వెతుక్కోవాలి. ఇంకా ఆరు రోజులుంది కదా, ఆలోచించుకో" అంది.

ఆరు రోజులు ఐదయ్యాయి, మూడయ్యాయి, ఒకటైంది. పొగడ ఏ సంగతీ తేల్చుకోలేకపోయింది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ఎండ బాగా కాస్తోంది. తల్లులు ఒడ్డున తలోచోట గడ్డి మేస్తున్నారు. పిల్లలు వాగు మధ్య ఇసుకమేట మీద ఆడుకుంటున్నాయి. ఆరు చినుకులు, కాంచనబిందుమాలిక, పేరులేని పొగడ పిల్ల. ఒడ్డుకీ ఇసుకమేటకీ మధ్య చీలమండ తడిసేటంత నీళ్లే ఉన్నాయి.

ఇక్కడ ఎండే కానీ, పైన కొండల్లో పెద్ద వాన పడింది. అది వీళ్లకి తెలియదు.

చెట్టు కొసన కూర్చున్న కొండముచ్చు మొదట చూసింది. ఎర్రటి నీళ్లు చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ వస్తున్నాయి. "వాగు వస్తోంది, పిల్లల్ని పిలుచుకోండి" అని అది గొంతు చించుకుని అరిచింది.

తల్లులు తలలెత్తారు. ఎవరు ఎక్కడున్నారో అక్కడి నుంచే పిలవడం మొదలుపెట్టారు. పొదల వెనక నుంచి ఒకటి "చినుకూ" అంది. రాళ్ల గుట్ట పక్క నుంచి ఇంకొకటి "చినుకూ" అంది. ఆరు వైపుల నుంచి ఆరు పిలుపులు వచ్చాయి. పిల్లలు అటు రెండు అడుగులు వేశాయి, ఇటు రెండు అడుగులు వేశాయి. మళ్లీ మొదటి చోటికే వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. అప్పటికే నీళ్లు ఇసుకమేట అంచుల్ని కోస్తున్నాయి.

"చూశావా, నేనేం చెప్పాను?" అంది కుందన. "నా పిల్లని పిలిస్తే నా పిల్లే వస్తుంది." అలా అని, అందరికీ దూరంగా వాగు ఎగువన ఉన్న బండ మీదికి పరుగెత్తింది.

పొగడ నోరు తెరిచింది. పిలవడానికి పేరు లేదు. ఇరవై రోజులుగా వెతుకుతోంది కదా, ఒక్కటీ పెట్టలేదు. తన బిడ్డ నీళ్ల మధ్య నిలబడి ఉంది, దాన్ని ఏమని పిలవాలో తల్లికి తెలియదు.

కానీ పొగడ ఏడుస్తూ కూర్చోలేదు. ఒక కానుగ చెట్టు దగ్గర నీళ్లు ఇంకా మోకాటి లోతే ఉన్నాయని చూసింది. పరుగున వెళ్లి అక్కడ నిలబడి తల్లులందరినీ కేకేసింది.

"అక్కలారా, తలోచోట నుంచి పిలవకండి. అందరూ ఇటు రండి. పక్కపక్కనే నిలబడదాం. ఒక్కసారే పిలుద్దాం."

తల్లులు పరుగెత్తుకొచ్చారు. ఒక తల్లి రొప్పుతూ అడిగింది. "నీ పిల్లకి పేరే లేదు కదే, నువ్వెవర్ని పిలుస్తావు?"

"మీ పిల్లల్ని పిలుస్తాను" అంది పొగడ.

ఏడుగురు తల్లులు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఒకేసారి పిలిచారు.

"చినుకూ."

ఏడు గొంతులు ఒక్క గొంతైంది. ఆ పిలుపు వాగు హోరు మీదుగా ఇసుకమేటకి చేరింది. ఈసారి పిలుపు ఒక్క వైపు నుంచే వచ్చింది. పిల్లల తలలన్నీ ఒకేసారి ఇటు తిరిగాయి. తల్లులు మళ్లీ పిలిచారు. పిల్లలు నీళ్లలోకి దూకి, తోకలు నిక్కబొడుచుకుని, ఒకదాని వెనక ఒకటి కానుగ చెట్టు వైపు వచ్చేశాయి.

లెక్కపెట్టండి. పొట్టి చినుకు వచ్చింది. దాని వెనకే పొగడ పిల్ల వచ్చింది, అందరికంటే చిన్నదైనా రెండోదిగా వచ్చింది. నత్తి చినుకు, తిండిపోతు చినుకు, ఇంకో ముగ్గురు. మొత్తం ఏడుగురు. ఆ వెనక ఎనిమిదోది కూడా వచ్చింది. అది కాంచనబిందుమాలిక.

ఆ పిల్ల గిట్టలు ఒడ్డు తాకాయో లేదో, ఇసుకమేట మీదుగా ఎర్రటి నీళ్లు పారాయి.

ఎగువన కుందన ఇంకా పిలుస్తూనే ఉంది. "కాంచనబిందు" అనేసరికి హోరు మింగేస్తోంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. చివరికి ఓపిక పట్టలేక నీళ్లలోకి దిగింది. రాయి మీద కాలు జారింది. ఎలాగో ఒడ్డు పట్టుకుని బయటికి వచ్చింది కానీ, ముందు కాలు చీరుకుపోయింది. కుంటుకుంటూ కానుగ చెట్టు దగ్గరికి వచ్చి, తన పిల్లని చూసి దాని మెడ మీద మొహం పెట్టుకుంది.

కాసేపటికి తల ఎత్తి అడిగింది. "నేను పిలిస్తే రాలేదేమే?"

"నువ్వు పిలిచావా అమ్మా? వినబడలేదు. వీళ్లు పిలిచారు, వచ్చాను."

"వీళ్లు చినుకు అని కదా పిలిచారు?"

"ఆటలో నేనూ చినుకునే. నా పేరు మొత్తం పలికేలోపు ఆట అయిపోతుందమ్మా."

తల్లులు నవ్వు ఆపుకోలేకపోయారు. కుందన మాత్రం నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. పొగడ వైపు చూసి, తల దించుకుంది.

పొగడ అదేమీ చూడలేదు. తన పిల్లని ఒళ్లంతా నాకుతోంది.

"నీకింకా పేరు పెట్టలేదు కదే. నిన్నే పిలుస్తున్నామని నీకెలా తెలిసింది?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. "నాకు పేరు లేదా? మరి రోజూ నన్ను నాకుతూ చినుకూ, నా చినుకూ అంటావే, అది పేరు కాదా?"

ఇరవై రోజులుగా ఈ పేరు పెట్టాలా వద్దా అని పొగడ మనసు తర్జనభర్జన పడుతోంది. నాలుక మాత్రం ఆ పేరు ఎప్పుడో పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే మంద అంతా చేరింది. పొగడ ముందుకు వచ్చి నిలబడింది. "చినుకూ, చినుకూ, చినుకూ" అని మూడుసార్లు పిలిచింది. ఏడుగురు పిల్లలు ముందుకు వచ్చారు. ఎనిమిదోది కూడా రాబోయి, తల్లి మొహం చూసి ఆగింది. "వెళ్లు" అంది కుందన.

జేజమ్మ అంది. "ఇక పొట్టి చినుకు, నత్తి చినుకు అనే మాట ఈ మందలో వినబడకూడదు. పిల్ల పేరుకి ముందు తల్లి పేరు పెట్టండి. ఇది పొగడమ్మ చినుకు."

అప్పటినుంచి అదే అలవాటైంది. వాగు దాటేటప్పుడు తల్లులందరినీ ఒకచోట చేర్చే పని జేజమ్మ పొగడకి అప్పగించింది. కుందన కాలు మానడానికి వానాకాలమంతా పట్టింది. మంద కదిలినప్పుడల్లా వెనకబడిపోయేది. "కుందనమ్మ చినుకూ, మీ అమ్మ వస్తోందా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ పేరు విని కుందన ఒక్కసారి కూడా కసురుకోలేదు.

పిల్లలూ, కథ మొత్తం మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్క పని గుర్తుంచుకోండి. పిలవడానికి తన బిడ్డకి పేరు లేనప్పుడు, పొగడ పక్కవాళ్ల బిడ్డల్ని పిలిచింది. రేపు మీ వీధిలో ఎవరైనా తల్లి కంగారుగా తన బిడ్డని పిలుస్తూ ఉంటే, మీరూ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడండి. ఆమెతో కలిసి ఆ పేరు పిలవండి. స్వామి మెచ్చే పని అది. ఒకసారి చేసి ఊరుకోకండి, మళ్లీ మళ్లీ చేయండి.

నీతి: పేరు నలుగురితో పంచుకుంటే తగ్గదు; నలుగురూ పలకలేని పేరు ఎంత గొప్పదైనా ఆపదలో అక్కరకు రాదు.