పెళ్ళి దారిలో పులుల పలక

దివాను భుజంగరావుగారి కూతురి పెళ్ళికి దారి పలకలు రాసే పని పోలన్నకు పడింది.

"ఎడమ అశుభం. బాణాలన్నీ కుడివైపే చూపాలి. ఒక్కటి ఎడమకు తిరిగినా, పెళ్ళివారు దారి తప్పినా నీ చెయ్యి తీయిస్తాను" అన్నారు దివానుగారు.

ఏటిరేవు దగ్గర దారి రెండుగా చీలుతుంది. పెళ్ళింటికి ఎడమదారినే వెళ్ళాలి. కుడిదారి పులులు తిరిగే అడవిలోకి పోతుంది. ఆ మాట చెప్పబోతే దివానుగారు వినిపించుకోలేదు. పోలన్న పలక రాసి రేవు దగ్గర పాతాడు.

పెళ్ళినాడు ఎదురుకోలుకు వచ్చిన దివానుగారు ఆ పలక చూసి మండిపడ్డారు. కుడివైపు బాణం కింద 'ఇటు పులుల అడవి' అని ఉంది.

"పెళ్ళి పలక మీద పులులేమిట్రా?"

పోలన్న చేతులు కట్టుకున్నాడు. "బాణం కుడివైపే ఉండాలన్నారు, దొరా. అటు ఉన్నవి పులులే. 'ఇటు పెళ్ళివారిల్లు' అని రాస్తే మీ వియ్యాలవారు నమ్మి వెళ్ళిపోతారు."

దివానుగారు నోరు తెరిచేలోగా సన్నాయి వినిపించింది. మగపెళ్ళివారి బళ్ళు పలక దగ్గర ఒక్క క్షణం ఆగి, గబగబా ఎడమకు తిరిగాయి.

పెళ్ళికొడుకు తండ్రి బండి దిగి, "బావగారూ, అతిథుల ప్రాణాల గురించి ఇంత ఆలోచించినవారిని నేను చూడలేదు" అన్నాడు.

దివానుగారు మీసం సవరించుకుని, "మేమే దగ్గరుండి రాయించాం" అన్నారు.

"చిత్తం" అన్నాడు పోలన్న.