మంద సగటు

శిష్యులు ప్రశ్న అడిగితే చిదంబరయ్యగారు జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. కదిరి దగ్గర గుట్ట కింద ఉన్న ఆయన ఆశ్రమంలో ఈ సంగతి అందరికీ తెలుసు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానుకుని వచ్చిన సుభాషిణికీ తెలుసు. అయినా ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"గురువుగారూ, నాతోపాటు వచ్చిన పార్వతీశంగారు కళ్లు మూసుకుంటే చాలు, శిలలా కూర్చుంటారు. తక్కినవాళ్లూ బాగానే కుదురుకున్నారు. నా మనసు మాత్రం ఎందుకండీ నిలవదు?"

"అట్లాగా!" అన్నారాయన. "ముందు మన మల్లి సంగతేమిటో చూడమ్మా. ఎర్రిస్వామి విసిగిపోయాడు."

మల్లి ఆశ్రమంలో ఒక ఆవు. అక్కడి ఆవులన్నిటికీ మెడలో సెన్సర్ పట్టీలు కట్టించింది సుభాషిణే. ఏ ఆవు ఎంతసేపు నెమరు వేసిందో పట్టీ పంపితే, ఆమె రాసిన ప్రోగ్రాం ఆ లెక్కలన్నీ తనంతట తానే చూసుకునేది. మంద సగటు కన్నా ఏ ఆవు నెమరు బాగా తగ్గినా, పాక చూసుకునే ఎర్రిస్వామి ఫోన్ మోగేది. ఆవుకు ఒంట్లో బాగాలేకపోతే ముందు తగ్గేది నెమరే కదా. అయితే ఆ ఫోన్ రోజూ మల్లి కోసమే మోగుతోంది. పశువుల డాక్టరు వచ్చి చూసి జబ్బేమీ లేదనేవాడు. మరునాడు మళ్లీ మోగేది.

"దీంతో నావల్ల కాదమ్మా," అన్నాడు ఎర్రిస్వామి ఆమె పాకలోకి రాగానే. "వచ్చే సంతకు తోలేస్తా. మందలో ఇమడని గొడ్డు."

మల్లి మాత్రం అతని చొక్కా అంచు నాకుతూ నిమ్మళంగా నిలబడి ఉంది. సుభాషిణి దాని మెడ నిమిరింది.

"తొందరపడకు అన్నా. నన్నొకసారి చూడనీ."

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పాక అరుగు మీదే కూర్చుంది. మల్లి పాత లెక్కలన్నీ తీసింది. పట్టీ కట్టిన నాటి నుంచీ దాని నెమరు అంతే. తక్కినవాటి కన్నా తక్కువే, కానీ ఎండల్లోనూ వానల్లోనూ ఉన్న చోటి నుంచి జారలేదు. దాని తీరే అది. సుభాషిణికి నవ్వొచ్చింది. మంద సగటును తీసేసి, ఏ ఆవు నెమరునైనా అదే ఆవు నిన్నమొన్నటి నెమరుతో పోల్చేలా ప్రోగ్రాం తిరగరాసింది.

కొన్నాళ్లపాటు ఫోన్ మోగలేదు. ఎర్రిస్వామి సంత మాట మరిచాడు. తర్వాత ఒక ఉదయం మోగనే మోగింది.

"మళ్లీ మల్లేనా?" అంటూ సుభాషిణి పరుగున వచ్చింది.

మల్లి కాదు, సింగారి. మందలోకెల్లా బాగా మేసే ఆవు. ఎర్రిస్వామి నోట ఎప్పుడూ దాని పొగడ్తే. ఆ రోజు కూడా దాని నెమరు మందలో చాలావాటిని మించే ఉంది. కానీ మొన్నటితో పోలిస్తే చాలా పడిపోయింది.

"సింగారికేమమ్మా, దిట్టంగా ఉంది," అంటూనే ఎర్రిస్వామి పొదుగు తడిమి, చటుక్కున చెయ్యి తీసేశాడు. "అయ్యో, కాలిపోతాంది!"

పొదుగువాపు. డాక్టరు వచ్చి సూది వేశాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఆవు దక్కడమే కష్టమయ్యేదని, మంచి వేళకు పిలిచారని చెప్పి వెళ్లాడు.

నాలుగైదు రోజులకు సింగారి తేరుకుని మేతకు మెడ చాచింది. చూడటానికి వచ్చిన చిదంబరయ్యగారికి సుభాషిణి జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "ఎంత చిన్న మార్పో గురువుగారూ!" అంటూ సంబరపడింది.

ఆయన రెండు ఆవుల గంగడోళ్లూ నిమిరి చిరునవ్వు నవ్వారు.

"తీసేసింది ఒక్క పోలికే కదమ్మా. అటు మల్లీ దక్కింది, ఇటు సింగారీ దక్కింది."